రెండో గొంతు: ఆలిస్ ఇన్ చెయిన్స్ గురించి జాన్ అన్నతో

సంధ్య: నమస్తే అందరికీ. ఈసారి మారేడుపల్లిలో జాన్ అన్న వాళ్ళింట్లో, మేడ మీద గదిలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. బయట వాన పడుతోంది, మధ్యలో రేకుల మీద చప్పుడు వినిపిస్తుంది. జాన్ అన్న సికింద్రాబాద్‌లో చర్చి క్వైర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా టెనర్ పాడుతున్నాడు. నేను ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, అంటే ఒకే గొంతు, వెనక తంబూరా శ్రుతి. ఇద్దరం పాట వినే పద్ధతే వేరు, కానీ ఆలిస్ ఇన్ చెయిన్స్ అనే ఈ ఒక్క అమెరికన్ రాక్ బ్యాండ్ దగ్గర మాత్రం కలుస్తాం. అన్నా, ముందు నీకు ఎలా దొరికారో చెప్పు.

జాన్: క్యాసెట్‌లో. డిగ్రీలో ఉండగా మా సీనియర్ ఒకాయన ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చాడు, పైన పేరు కూడా సరిగ్గా రాయలేదు. అప్పుడు మా గ్యాంగ్ అంతా గిటార్ సోలోల పిచ్చిలో ఉండేది, గొంతు గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నేను రాత్రి వాక్‌మన్‌లో వింటున్నాను, గిటార్ బరువుగా, నెమ్మదిగా, నేలమీద ఈడ్చుకుంటూ వెళ్తున్నట్టు ఉంది, దాని మీద రెండు గొంతులు వచ్చాయి. నేను లేచి కూర్చున్నాను. ఎందుకంటే అది మేము శనివారం సాయంత్రం ప్రాక్టీస్‌లో చేసే పని. పార్ట్స్‌లో పాడటం. కానీ మా దగ్గర అది స్తుతి. ఇక్కడ ఇద్దరు కలిసి బాధను పాడుతున్నారు.

సంధ్య: పార్ట్స్ అంటే తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి.

జాన్: చెప్తాను. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్, నాలుగు వరసలు. మాటలు ఒకటే, తాళం ఒకటే, కానీ ఒక్కొక్కరి స్వరం వేరు. నీ భాషలో చెప్పాలంటే నేను స పట్టుకుంటే అదే క్షణంలో నువ్వు గ పట్టుకోవాలి. నేను రి కి వెళ్తే నువ్వు మ కి వెళ్ళాలి. నేను కదిలినప్పుడల్లా నువ్వూ కదలాలి, కానీ నా దగ్గరికి రాకూడదు.

సంధ్య: అదే నాకు రాదు. నిన్న ప్రయత్నించాం కదా, రెండో లైను వచ్చేసరికి తెలియకుండానే నీ స్వరంలోకి జారిపోయాను. చిన్నప్పటి నుంచి మా టీచర్ గారు నేర్పింది పక్కవాళ్ళతో శ్రుతి కలపమని. మన దగ్గర గుంపుగా పాడే పాటల్లో కూడా అంతే, బతుకమ్మ చూడు, ఒకావిడ ఎత్తుకుంటుంది, మిగతా అందరూ అదే వరసలో అందుకుంటారు. యాభై మంది ఉన్నా గొంతు ఒకటే.

జాన్: అవును. క్వైర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ మొదటి ఆర్నెల్లు ఇదే కష్టం. పక్కవాడి పాట వింటూ నీ పాట వదలకుండా ఉండటం. ఈ బ్యాండ్ గాయకుడు లేన్ స్టేలీ, గిటార్ వాయిస్తూ పాడే జెర్రీ కాంట్రెల్ ఇద్దరూ అది ఎంత తేలిగ్గా చేస్తారంటే, కొన్ని పాటల్లో అసలు పాట ఎవరిది, తోడు గొంతు ఎవరిది అని ఈ రోజుకీ నేను తేల్చుకోలేను. 'డౌన్ ఇన్ ఎ హోల్' వినండి. మొదటి మాట నుంచే ఇద్దరూ ఉంటారు. ఒక గొంతు తీసేస్తే మిగిలిన గొంతు బాగానే ఉంటుంది కానీ అది ఆ పాట కాదు. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదొక్కటే సంధ్యా. చాలా బ్యాండ్లలో రెండో గొంతు అలంకారం, కోరస్ దగ్గర వచ్చి పోతుంది. వీళ్ళకి అది ఇంటి దూలం.

సంధ్య: నువ్వు ఇలా అంటుంటే నాకు బుర్రకథ గుర్తొస్తుంది అన్నా. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. మనం మామూలు మాటల్లో 'వాడికి వంత పాడుతున్నాడు' అంటే తిట్టు. సొంత బుద్ధి లేనివాడని. కానీ నాజర్ గారి బుర్రకథల్లో వంతలు లేకపోతే కథ ముందుకు వెళ్ళదు. కథకుడికి ఊపిరి తీసుకోవడానికి చోటు ఇచ్చేది వాళ్ళు, ప్రశ్న అడిగేది వాళ్ళు, రాజకీయం చెప్పేది ఒక వంత, నవ్వించేది ఒక వంత.

జాన్: ఆ మాట బాగుంది. జెర్రీ ఈ బ్యాండ్‌కి వంతగాడు, కానీ పాటల్లో ఎక్కువ భాగం రాసింది కూడా ఆయనే. అది గుర్తు పెట్టుకో, తర్వాత కథకి అదే ముఖ్యం.

సంధ్య: సరే, మొదటి నుంచి చెప్పు.

జాన్: అమెరికాలో సియాటిల్ నగరం, 1987. ఆ ఏడాదే జెర్రీ వాళ్ళ అమ్మ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆయనకి అప్పుడు ఇరవై ఒకటి. కొన్నాళ్ళకి ఒక పార్టీలో లేన్ పరిచయమయ్యాడు, జెర్రీకి ఉండటానికి చోటు లేదంటే, మ్యూజిక్ బ్యాంక్ అని ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే రిహార్సల్ గదులు ఉండేవి, అక్కడ తనతో ఉండమన్నాడు. డ్రమ్స్‌కి షాన్ కినీ, బేస్‌కి మైక్ స్టార్ వచ్చారు. 1989లో కొలంబియా రికార్డు కంపెనీతో ఒప్పందం, 1990 ఆగస్టులో మొదటి ఆల్బమ్ 'ఫేస్‌లిఫ్ట్'. ముందు పెద్దగా కదల్లేదు. 1991లో 'మ్యాన్ ఇన్ ద బాక్స్' వీడియో ఎంటీవీలో తిరగడం మొదలయ్యాక అమ్మకాలు లేచాయి. 1991 సెప్టెంబరుకి ఐదు లక్షల కాపీలు దాటి గోల్డ్ అయింది. అప్పటికి నిర్వాణా వాళ్ళ 'నెవర్‌మైండ్' ఇంకా మార్కెట్లోకి రాలేదు, అది వచ్చింది అదే నెల చివర్లో. సియాటిల్ అనగానే అందరూ నిర్వాణా నుంచి మొదలుపెడతారు కాబట్టి ఈ తేదీలు నాకు పట్టింపు.

సంధ్య: నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఆ తర్వాత వచ్చిన చిన్న రికార్డు, 'సాప్'. 1992 ఫిబ్రవరి. బరువైన గిటార్లు పక్కన పెట్టేసి అకూస్టిక్‌లో చేశారు. అందులో హార్ట్ బ్యాండ్ ఆన్ విల్సన్ కూడా పాడింది. ఒక పాటలో సౌండ్‌గార్డెన్ క్రిస్ కార్నెల్, మడ్‌హనీ మార్క్ ఆర్మ్ వచ్చి కలిశారు, మూడు బ్యాండ్ల పేర్లు కలిపి ఆ పాటకి 'ఆలిస్ మడ్‌గార్డెన్' అని వేశారు. బరువు తీసేశాక గొంతులు ఎంత స్పష్టంగా వినిపిస్తాయో. నేను ఈ బ్యాండ్‌లోకి వచ్చిన దారి అది. మా అమ్మ కూడా వింది.

జాన్: నీకు గిటార్ గోల అడ్డం. నాకు అడ్డం కాదు. తర్వాతి ఆల్బమ్ 'డర్ట్' అలా గోలగా ఉండబట్టే ఆ గొంతులు అలా కోస్తాయి. 1992 సెప్టెంబర్ 29. అందులో నేను మూడు పాటల గురించి చెప్పాలి. ఒకటి 'రూస్టర్'. జెర్రీ వాళ్ళ నాన్న వియత్నాం యుద్ధంలో పనిచేశాడు, రూస్టర్ ఆయన ముద్దుపేరు. తండ్రికీ కొడుక్కీ మధ్య చాలా దూరం ఉండేది. 1991లో జెర్రీకి ఇల్లు లేక క్రిస్ కార్నెల్ వాళ్ళింట్లో ఉంటున్నప్పుడు, ఒంటరిగా కూర్చుని, నాన్న అక్కడ అడవిలో ఏం అనుకుని ఉంటాడో ఆయన నోటితోనే చెప్తున్నట్టు రాశాడు. మరి పాడింది ఎవరు? లేన్. ఒక కొడుకు తండ్రి బాధ రాస్తే దాన్ని స్నేహితుడు తన గొంతులోకి తీసుకున్నాడు, కొడుకు వెనక నుంచి కలిశాడు. తర్వాత వీడియోలో వాళ్ళ నాన్న కూడా కనిపిస్తాడు. మా నాన్న రైల్వేలో రాత్రి డ్యూటీలు చేసేవాడు, ఇంట్లో ఉంటే నిద్రపోతూ ఉండేవాడు, మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకున్నది తక్కువ. ఆ పాట విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

సంధ్య: రెండోది 'వుడ్?' అయి ఉంటుంది.

జాన్: అదే. మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ 1990లో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు, వీళ్ళందరికీ దగ్గరివాడు. అతని కోసం జెర్రీ రాశాడు. చరణాలు జెర్రీ మెల్లగా పాడతాడు, తర్వాత లేన్ వచ్చి ఒక్కసారి తలుపు తోసినట్టు పాడతాడు. మూడోది నేను ముందే చెప్పిన 'డౌన్ ఇన్ ఎ హోల్'.

సంధ్య: 'డర్ట్' గురించి మాట్లాడుతూ మత్తు సంగతి దాటేసి వెళ్ళలేం కదా అన్నా.

జాన్: వెళ్ళకూడదు కూడా. ఆ ఆల్బమ్‌లో చాలా పాటలు లేన్ హెరాయిన్ గురించి రాసినవే, తనకి ఏం జరుగుతోందో దాచకుండా. గొప్పగా చూపించడానికి కాదు. 1996లో రోలింగ్ స్టోన్ పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో, అభిమానులు దగ్గరికి వచ్చి మేమూ మత్తులో ఉన్నామని సంతోషంగా చెప్తుంటే, తను కోరుకున్నది సరిగ్గా దానికి ఉల్టా అని బాధపడ్డాడు. ఇప్పుడు మన హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలున్న ఇళ్ళల్లో కూడా ఈ భయం ఉంది. అందుకే మా క్వైర్‌లో కుర్రాళ్ళకి ఈ పాటలు వినిపించేటప్పుడు లేన్ ఎలా పోయాడో ముందు చెప్పి, తర్వాతే పెడతాను.

సంధ్య: 'జార్ ఆఫ్ ఫ్లైస్' దగ్గరికి వద్దాం. నాకు అది ప్రాణం.

జాన్: చెప్పు, నువ్వే చెప్పు.

సంధ్య: 1993లో మైక్ స్టార్ వెళ్ళిపోయి, అంతకుముందు ఓజీ ఆస్‌బోర్న్ దగ్గర వాయించిన మైక్ ఇనెజ్ బేస్‌కి వచ్చాడు. ఆ ఏడాది సెప్టెంబర్లో టూర్ల నుంచి సియాటిల్ తిరిగొచ్చి లండన్ బ్రిడ్జ్ స్టూడియోలో కూర్చున్నారు. పాటలు తయారుగా ఏమీ లేవు. వారం పది రోజుల్లో అక్కడికక్కడే కట్టి, రికార్డ్ చేసి బయటికొచ్చారు. ఏడు ట్రాకులు. 1994 జనవరిలో విడుదలైతే అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో నేరుగా ఒకటో స్థానంలో దిగింది. ఒక ఈపీ, అంటే పూర్తి ఆల్బమ్ కూడా కాని చిన్న రికార్డు, అలా దిగడం అదే మొదటిసారి. ఆ నంబర్ కంటే నాకు ముఖ్యం 'నో ఎక్స్‌క్యూజెస్'. అందులో ఇద్దరూ చరణం పొడుగునా పక్కపక్కనే నడుస్తారు. ఇద్దరు స్నేహితులు గొడవపడి కూడా ఒకే దారిలో ఇంటికి వెళ్తున్నట్టు ఉంటుంది నాకు.

జాన్: నువ్వు పాడిందే పాడి నేర్చుకున్నావు కదా అది.

సంధ్య: అవును. మొదట లేన్‌తో పాడేదాన్ని. తర్వాత జెర్రీ గొంతు మాత్రమే పట్టుకుని వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. విడిగా పాడితే వింత అనిపించింది. కలిస్తే అర్థమైంది. మా టీచర్ గారికి వినిపించాను కూడా, ఆవిడ కళ్ళు మూసుకుని విని, ఇద్దరికీ శ్రుతి శుద్ధంగా ఉంది, లేకపోతే ఇది క్షణం నిలవదు అన్నారు. ఆవిడ మెచ్చుకోవడం అంటే చిన్న విషయం కాదు.

జాన్: అది నిజం. హార్మనీలో ఒకరు కొంచెం కిందకి దిగినా మొత్తం పులిసిపోతుంది. సోలోలో అయితే గమకంతో సర్దుకోవచ్చు.

సంధ్య: తర్వాత అంతా కష్టమే కదా.

జాన్: 1994లో మెటాలికాతో చేయాల్సిన టూర్ రద్దు చేసుకున్నారు, కొన్నాళ్ళు విడిపోయినంత పని అయింది. 1995 నవంబర్లో బ్యాండ్ పేరుతోనే ఆల్బమ్ వచ్చింది, అట్ట మీద మూడు కాళ్ళ కుక్క బొమ్మ. అదీ ఒకటో స్థానమే. నువ్వు గమనించావో లేదో, అందులో 'గ్రైండ్', 'హెవెన్ బిసైడ్ యూ' రెండింటికీ ముందు గొంతు జెర్రీదే. సొంతంగా పాడే ధైర్యం తనకి ఇచ్చింది లేనే అని జెర్రీ చాలాసార్లు చెప్పాడు. నీ పాటలు నువ్వే పాడు, నీకు వాటి అర్థం తెలుసు అని వెంటపడేవాడట. అంత గొంతు ఉన్నవాడు మైకు పక్కవాడి చేతికి ఇవ్వడం నేను ఎక్కువ చూడలేదు. మా క్వైర్‌లో సోలో కోసం జరిగే మాటలు నాకు తెలుసు కదా.

సంధ్య: తర్వాత అన్‌ప్లగ్డ్, ఎంటీవీ కోసం అకూస్టిక్‌లో చేసిన కచేరీ.

జాన్: 1996 ఏప్రిల్ 10, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్. రెండేళ్ళకు పైగా వీళ్ళు కచేరీ చేయలేదు. స్టేజీ మీద కొవ్వొత్తులు. 'నట్‌షెల్' మొదలుపెట్టారు, జెర్రీ గిటార్ వాయిస్తుంటే మిగతావాళ్ళు వచ్చి కూర్చున్నారు, చివరికి లేన్ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నల్ల కళ్ళద్దాలు. ఆ మనిషిని చూస్తే పాడగలడా అనిపిస్తుంది. తర్వాత నోరు తెరిచాడు. ఒక పాటలో మాటలు మర్చిపోయి ఆపి మళ్ళీ మొదలుపెట్టారు కూడా. నేను ఆ వీడియోలో జెర్రీని చూస్తాను ఎప్పుడూ. చాలాసార్లు లేన్ వైపే చూస్తూ ఉంటాడు, అతను ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ తీసుకుంటాడు. మేము మా పెద్ద టెనర్‌ను చూసి ఊపిరి తీసుకున్నట్టే.

సంధ్య: నేను చూస్తే ఏడుస్తాను. రెండోసారి పెట్టలేను.

జాన్: ఆ జూన్ చివర, జూలై మొదట్లో కిస్ బ్యాండ్‌కి ముందు నాలుగు షోలు చేశారు. జూలై 3న కాన్సస్ సిటీలో చేసిందే లేన్‌తో చివరి కచేరీ. అక్టోబర్లో అతను ప్రేమించిన అమ్మాయి డెమ్రీ పోయింది. 1998లో రెండు పాటలు రికార్డ్ చేశారు, అంతే. 2002 ఏప్రిల్ 5న లేన్ పోయాడు, తన ఫ్లాట్‌లో ఒక్కడే ఉండగా. రెండు వారాల వరకు ఎవరికీ తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళు.

సంధ్య: (కాసేపు ఆగి) తర్వాత బ్యాండ్ అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

జాన్: అవును. మళ్ళీ కలిసింది ఎందుకో తెలుసా? 2004 డిసెంబర్ 26, సునామీ. మన కోస్తాకీ తగిలింది కదా, నెల్లూరు, ప్రకాశం నుంచి మచిలీపట్నం వైపు వరకు పల్లెకారుల ఊళ్ళు దెబ్బతిన్నాయి. మా చర్చి నుంచి బియ్యం, దుప్పట్లు తీసుకుని లారీలో వెళ్ళాం. ఆ సునామీ బాధితుల కోసం 2005 ఫిబ్రవరిలో సియాటిల్‌లో ఒక కచేరీ పెట్టారు, దానికోసం మిగిలిన ముగ్గురూ వేరే గాయకులతో కలిసి స్టేజీ ఎక్కారు. నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మేము ఇక్కడ దుప్పట్లు మూట కడుతున్న రోజుల్లోనే వాళ్ళు అక్కడ మళ్ళీ గిటార్లు తీశారు.

సంధ్య: అది నాకు తెలియదు అన్నా. కానీ ఇక్కడ నీకూ నాకూ కుదరని విషయం ఉంది. 2006 నుంచి విలియం డ్యువాల్ వచ్చాడు, మంచి గాయకుడు, ఒప్పుకుంటాను. కానీ పేరు మార్చాల్సింది. లేన్ లేకుండా ఆ పేరు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా ఇంట్లో ఒకరు పోతే వాళ్ళ కుర్చీలో ఏడాది వరకు ఎవరూ కూర్చోలేదు.

జాన్: ఏడాది కాదమ్మా, వీళ్ళు ఆల్బమ్ చేసింది ఏడేళ్ళ తర్వాత. 'బ్లాక్ గివ్స్ వే టు బ్లూ', 2009 సెప్టెంబర్ 29. 'డర్ట్' వచ్చిన తారీఖే. దాని చివరి పాట లేన్ కోసం జెర్రీ రాసి పాడాడు, పియానో వాయించింది ఎల్టన్ జాన్. లేన్ చిన్నప్పుడు చూసిన మొదటి కచేరీ ఎల్టన్ జాన్‌దేనట. అలా వీడ్కోలు చెప్పి మొదలుపెట్టారు. పేరు దొంగిలించినవాళ్ళు చేసే పని కాదది. పైగా ఆ ఆల్బమ్ పెట్టగానే ముందు గొంతు ఎవరిది? జెర్రీది. వంతగాడు నడిమధ్యకి వచ్చాడు, డ్యువాల్ వంతకి వచ్చాడు. ఆ రెండు గొంతుల మధ్య దూరం, ఆ చీకటి స్వరాలు అలాగే ఉన్నాయి, ఎందుకంటే వాటిని కట్టినవాళ్ళలో ఒకడు బతికే ఉన్నాడు.

సంధ్య: అది నాకు వినిపిస్తుంది. కాదనను. పాత పాటలు స్టేజీ మీద డ్యువాల్ పాడినప్పుడే ఇబ్బంది.

జాన్: ఒకటి చెప్తాను. మా క్వైర్‌లో పెద్ద టెనర్ ఉండేవారు, నాకు పార్ట్స్ నేర్పింది ఆయనే. కరోనా రెండో వేవ్‌లో పోయారు. చర్చి మళ్ళీ తెరిచాక మొదటి ప్రాక్టీస్‌లో నలుగురు టెనర్లం ముగ్గురం నిలబడ్డాం, ఆయన నిలబడే చోటు ఖాళీగా వదిలేసి. క్రిస్మస్ వరకు అలాగే పాడాం. పాట తప్పు లేదు, కానీ మధ్యలో గాలి వీస్తున్నట్టు ఉండేది. తర్వాత ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు వచ్చాడు. సన్నటి గొంతు. ఆయనలా పాడటానికి ప్రయత్నిస్తే నేనే ఆపాను, నీలా పాడు, స్వరం మాత్రం ఆయన పట్టుకున్నదే పట్టుకో అన్నాను. డ్యువాల్ చేస్తున్నది అదే. అతను లేన్‌ను అనుకరించడు, వినండి కావాలంటే.

సంధ్య: ఆ అబ్బాయి ఇప్పుడూ ఉన్నాడా?

జాన్: బీటెక్ రెండో సంవత్సరం. ఘట్‌కేసర్ నుంచి ప్రతి శనివారం బస్సు ఎక్కి వస్తాడు.

సంధ్య: 2013 ఆల్బమ్, 2018లో 'రేనియర్ ఫాగ్' గురించి చెప్పనేలేదు.

జాన్: 2013ది నాకు పొడుగు ఎక్కువ అనిపించింది. 'రేనియర్ ఫాగ్' మంచిది, అందులో చాలా భాగం సియాటిల్‌కి తిరిగి వెళ్ళి, 1995 ఆల్బమ్ చేసిన స్టూడియోలోనే చేశారు. గ్రామీకి ఎన్నోసార్లు నామినేట్ అయ్యారు, ఒక్కటీ రాలేదు. దాని గురించి నాకు బాధ లేదు.

సంధ్య: ఈ ఎపిసోడ్ విని ఎవరైనా మొదటిసారి వినాలనుకుంటే ఏది పెట్టాలి?

జాన్: 'నో ఎక్స్‌క్యూజెస్'. ఇయర్‌ఫోన్స్‌లో, ఫోన్ స్పీకర్‌లో కాదు. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి పైకి వినిపించే గొంతును వదిలేసి రెండో గొంతు వెంట వెళ్ళండి, చివరి దాకా. నువ్వు రా, వాన తగ్గింది, మైకు ఆపకు. నేను స పట్టుకుంటాను.

సంధ్య: ఇప్పుడా?

జాన్: ఇప్పుడే. నన్ను వినాలి, నా దగ్గరికి రాకూడదు. ఊపిరి తీసుకో.